పటము మీద కదలాడే చుక్క

(రైల్వే, తపాలా ఉద్యోగ కార్యకర్తల సంయుక్త శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేతనాల గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీ గురించి ఈ తరగతిలో మాట్లాడవలసినవారు వేరే వున్నారు. మాకు అప్పగించిన విషయము కొంచెము వింతైనది: పటములు, సెన్సారులు, తెరలు. అనగా నేల మీద ఏ వస్తువు ఎక్కడ వున్నదో గుర్తించే సాధనములు, దాని స్థితిని నిమిషనిమిషానికి తెలిపే పరికరములు, ఆ సమాచారమునంతా దూరాన ఒక గదిలో కూర్చున్న వ్యక్తికి చూపే గాజు పలకలు. ఇవి ఇంజనీర్ల సంగతులు కదా, యూనియను వారికెందుకని కొందరు మిత్రులు నిన్ననే మమ్ము అడిగారు. ఆ తెర మీద కదలాడే చుక్కలలో మనము కూడా చేరి కొన్నేళ్ళయినది. చేర్చేముందు మనలను ఎవరూ అడుగలేదు. అందువలన ఇది మన సంగతి.

ఈ దేశములో శాస్త్రీయమైన పటరచన 1802లో మద్రాసు సమీపాన సెయింట్ థామస్ మౌంటు వద్ద ఆరంభమయినది. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి అక్కడ ఒక ఆధార రేఖను కొలిపించి, త్రిభుజము ప్రక్కన త్రిభుజమును పేర్చుకొంటూ దేశము మీద సాగిపోయాడు. మహా త్రికోణమితి సర్వే అని దానికి పేరు. ఆయన కోణములు కొలిచిన థియోడలైటు బరువు దాదాపు అర టన్ను. దానిని కొండలు ఎక్కించినవారు, గోపురములు ఎక్కించినవారు ఖలాసీలు. 1808లో తంజావూరు ఆలయము మీదికి లాగుతూ వుండగా అది గోడకు కొట్టుకొని దెబ్బతిన్నదని చరిత్రలో నమోదై వున్నది. ఆ తాళ్ళు పట్టి లాగినవారి పేర్లు మాత్రము ఎక్కడా లేవు. ఖలాసీ అనే హోదా సర్వే శాఖలోనే గాక మన రైల్వేలలో కూడా ఎంతకాలము నిలిచి వుండినదో ఇక్కడి పాతవారికి చెప్పనక్కరలేదు.

ఆ సర్వేలోనే రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ యువకుడు 1831లో గణకుడుగా చేరాడు. హిమాలయములలో పదిహేనవ శిఖరమని అప్పట్లో పిలిచినది ప్రపంచములోనే ఎత్తైనదని 1852లో లెక్క కట్టి తేల్చినవాడు ఆయనే. శిఖరమునకు పేరు వేరొకరిది పెట్టారు. అది పాఠ్యపుస్తకములలో వున్న సంగతి. పాఠ్యపుస్తకములలో లేనిది ఇంకొకటి వున్నది. 1843లో డెహ్రాడూనులో ఒక ఆంగ్ల మేజిస్ట్రేటు సర్వే శాఖ కూలీలను తన సొంత పనికి వెట్టిగా వాడుకొనగా, ఈ గణకుడు అడ్డు నిలిచాడు. న్యాయస్థానము ఆయనకే 200 రూపాయల జరిమానా వేసినది. లెక్కలు కట్టేవాడికీ బరువులు మోసేవాడికీ పొత్తు కుదురదని అనేవారికి ఈ ఉదంతము చెప్పవచ్చును.

ఇక వర్తమానమునకు వద్దాము. 1974లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ దూరసంవేదన సంస్థ నేడు ఇస్రోలో భాగమై, జాతీయ దూరసంవేదన కేంద్రము అన్న పేరుతో హైదరాబాదులో పనిచేస్తున్నది. 1988 మార్చి 17న మన మొదటి దూరసంవేదన ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్. 1-ఎ అంతరిక్షమునకు వెళ్ళినది. 2009లో ఆ కేంద్రమే భువన్ అనే పటముల వేదికను ప్రజల ముందుంచినది. నేల మీద మనిషి నిలిచిన చోటును తెలుసుకొనడానికి ఇప్పుడు అర టన్ను యంత్రము అక్కరలేదు. ఉపగ్రహములు కాలమును తెలిపే సంకేతములు పంపుతూ వుంటాయి. నాలుగు ఉపగ్రహముల సంకేతములు చేరడానికి పట్టిన కాలభేదమును బట్టి, అరచేతిలోని పరికరము తానెక్కడ వున్నదో లెక్క కట్టుకొంటుంది. ఆ లెక్కలోని తప్పులను నేల మీది కేంద్రములు పట్టి, భూస్థిర ఉపగ్రహముల ద్వారా సవరించి పంపే ఏర్పాటు మన దేశములో గగన్. విమానముల కొరకు పుట్టిన గగన్‌ను మన రైలు ఇంజనులు కూడా వాడుకొంటున్నవి.

సెక్షను కంట్రోలరు పని చేసిన మిత్రులు ఇక్కడ వున్నారు. వారి బల్ల మీది గళ్ళ కాగితము మనలో చాలామంది చూచినదే. అడ్డముగా కాలము, నిలువుగా స్టేషనులు. ప్రతి స్టేషను మాస్టరు ఫోనులో "ఫలానా బండి పాస్" అని చెప్పగానే పెన్సిలుతో ఒక చుక్క. చుక్కను చుక్కతో కలిపితే గీత. గీత వాలును చూచి బండి వేగము చెప్పగల కంట్రోలర్లు వుండేవారు. రెండు గీతలు ఎక్కడ కలుసుకొంటాయో ముందుగా ఊహించి, ఏ బండిని ఏ లూపులో ఆపాలో నిర్ణయించడమే వారి విద్య. తరువాత ఆ కాగితము పోయి కంప్యూటరు తెర వచ్చినది. ఆపైన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము ఇస్రో తోడ్పాటుతో ఆర్.టి.ఐ.ఎస్. అనే పద్ధతిని తెచ్చినది. మొదటి దశలో 21 విద్యుత్ లోకో షెడ్లకు చెందిన 2700 ఇంజనులకు పరికరములు అమర్చారు. అవి రెండు స్టేషనుల నడుమ కూడా 30 సెకండ్లకొకసారి బండి చోటును, వేగమును కేంద్రమునకు పంపుతాయి. స్టేషను మాస్టరు ఫోను చేయనక్కరలేదు. తెర మీద గీత తనంత తానే పెరుగుతుంది.

మంచిదే. మేము దీనిని కాదనుట లేదు. అయితే 30 సెకండ్లకొకసారి బండి ఎక్కడున్నదో ఢిల్లీకి తెలుస్తున్నది గదా, అదే పట్టాల మీద వంగి పలుగుతో కంకర ఎగదోస్తున్న ట్రాకుమనుకు తెలుస్తున్నదా? నేటి మా ప్రసంగములోని అసలు ప్రశ్న ఇదే. మిగిలినదంతా దీని చుట్టూ అల్లుకొన్నదే.

డాక్టర్ అనిల్ కకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి రైల్వే భద్రతా సమీక్షా సంఘము 2012 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చినది. అందులోని ఒక లెక్కను ప్రతి శాఖా సమావేశములోనూ చదివి వినిపించవలెనని మా కోరిక. 2007-08 నుండి 2011 అక్టోబరు వరకు రైలు ప్రమాదములలో మరణించినవారు సుమారు 1000 మంది. అదే కాలములో విధి నిర్వహణలో ప్రాణములు కోల్పోయిన రైల్వే సిబ్బంది సుమారు 1600 మంది, గాయపడినవారు 8700 మంది. ప్రమాదము జరిగితే పత్రికలలో పెద్ద అక్షరములు పడతాయి. గ్యాంగుమను చనిపోతే స్టేషను డైరీలో ఒక వాక్యము పడుతుంది. సంఖ్యలో ఆ ఒక్కొక్క వాక్యమే ఎక్కువని ఆ సంఘము చెప్పినది.

ఆ తరువాత ట్రాకుమనుకు పరికరము రాలేదా అంటే, వచ్చినది. రాత్రంతా పట్టాల వెంట నడిచే పెట్రోల్‌మనుకు, తెల్లవారి బయలుదేరే కీమాన్‌కు జి.పి.ఎస్. ట్రాకరు ఇచ్చారు. ఇదివరకు చేతిలో మూడు రంగుల టార్చి, ఈల, సంచిలో డిటోనేటర్లు వుండేవి. ఇప్పుడు వాటికి తోడు జేబులో ఈ పెట్టె. ఇతడు ఎక్కడ వున్నాడు, ఎంత వేగముతో నడుస్తున్నాడు, ఎక్కడ ఎంతసేపు ఆగాడు అన్నది అధికారి తెర మీద కనిపిస్తుంది. పట్టా విరిగినది చూచి ఇతడు కబురు పంపవచ్చునని, ఆపదలో మీట నొక్కవచ్చునని కూడా చెబుతారు. ఆ రెండూ మంచివే. కానీ వెనుకనుండి వస్తున్న బండి సంగతి ఈ పెట్టె ఇతనికి చెప్పడానికి పుట్టలేదు. సమాచారము ఇతని నుండి పైకి పోతున్నదే గాని, పైనుండి ఇతనికి దిగి రావడము లేదు. బండి చోటు ఒక యంత్రములో వున్నది, మనిషి చోటు మరొక యంత్రములో వున్నది. రెండింటినీ ఒకే పటము మీద కలిపి, దూరము తగ్గగానే మనిషి జేబులో గంట మ్రోగించడానికి కొత్త విజ్ఞానమేదీ కనిపెట్టనక్కరలేదు. సంకల్పము కావాలి. రక్షక్ అనే పేరుతో వి.హెచ్.ఎఫ్. రేడియో ఆధారముగా, బండి సమీపిస్తున్నదని ట్రాకుమనును హెచ్చరించే పరికరమును కొన్ని చోట్ల ఇచ్చారు. అది ఎక్కడ వున్నది, ఎక్కడ లేదు, వున్నచోట పనిచేస్తున్నదా లేదా అన్న వివరములు మన శాఖలే సేకరించవలెను.

ఇక్కడ ఒక మాట. ఈశాన్య సరిహద్దు రైల్వేలో ఉత్తర బెంగాలు అడవుల గుండా పోయే లైనుల మీద ఏనుగులు బండ్ల క్రింద పడి చనిపోతూ వుండేవి. అందుకొక చక్కని ఉపాయము చేశారు. పట్టాల ప్రక్కన భూమిలో కమ్యూనికేషను కొరకు వేసిన ఆప్టికల్ ఫైబరు తీగనే సెన్సారుగా మార్చారు. ఏనుగు అడుగు వేసినప్పుడు నేల అదురుతుంది. ఆ అదురుకు తీగలో పోతున్న వెలుగు తిరిగి ప్రతిఫలించే తీరు మారుతుంది. ఆ మార్పు ఏ అడుగునుండి వచ్చినదో, అది ఏనుగు నడకా, మనిషి నడకా, తవ్వకమా అన్నది యంత్రము విడదీసి గుర్తించి, స్టేషను మాస్టరుకూ లోకో పైలటుకూ హెచ్చరిక పంపుతుంది. 2022 డిసెంబరులో అలీపుర్‌దువార్ డివిజనులో దీనిని ప్రయోగాత్మకముగా ఆరంభించి, తరువాత గజరాజ్ అన్న పేరుతో విస్తరించసాగారు. ఏనుగుల ప్రాణము నిలిపిన ఇంజనీర్లకు మేము మనసారా నమస్కరిస్తున్నాము. అదే తీగ మనిషి అడుగును కూడా గుర్తుపట్టగలదని వారే చెబుతున్నారు. ఆ సామర్థ్యమును చొరబాటుదారులను పట్టుకొనడానికి వాడుదురుగాక. ముందుగా గ్యాంగును కాపాడడానికి వాడమని అడిగితే తప్పా?

జి.పి.ఎస్. పెట్టె చూపే చుక్కను సాక్ష్యముగా తీసుకొనడములో ఇంకొక చిక్కు వున్నది. ఉపగ్రహ సంకేతమునకు ఆకాశము కనబడాలి. కొత్తవలస-కిరండూలు లైనులో యాభైకి పైగా సొరంగములు వున్నవి. లోతైన కటింగులో, ఎత్తైన కొండ ప్రక్కన, దట్టమైన అడవిలో చుక్క గెంతుతుంది, లేదా మాయమవుతుంది. బ్యాటరీ అయిపోతే పూర్తిగా ఆరిపోతుంది. గ్యాంగు క్వార్టరులో కరెంటు లేక పెట్టెకు చార్జింగు దొరకని చోట్లు మేము చూచాము. ఒకచోట సొరంగము పొడవునా చుక్క కనబడలేదని పెట్రోల్‌మనుకు సంజాయిషీ నోటీసు వచ్చినది. అతడు ఆ రాత్రి సంతకము చేయించుకొని వచ్చిన పెట్రోలు పుస్తకము చూపించాడు. పుస్తకమును కాదని తెరను నమ్మారు. చివరకు ఆ నోటీసు ఉపసంహరించబడినది గాని, దానికి నాలుగు నెలలు పట్టినది.

తెర చూపేది, నేల మీద వున్నది ఒకటేనా? ఈ ప్రశ్నకు దేశమంతా కన్నీళ్ళతో జవాబు తెలుసుకొన్న రోజు 2023 జూన్ 2. ఒరిస్సాలో బాలేశ్వరు సమీపాన బాహనగా బజార్ స్టేషను. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిను లైను మీద ఆకుపచ్చ సిగ్నలు పడినది. కానీ 17 నంబరు క్రాస్‌ఓవరు పాయింట్లు లూపు లైనుకు తిరిగి వున్నవి. లూపులో ముడి ఇనుము మోసే గూడ్సు నిలిచి వున్నది. 290 మందికి పైగా మరణించారు. వారిలో మన తెలుగు జిల్లాలకు ప్రయాణమై వస్తున్నవారు కూడా వున్నారు.

ఇది ఎట్లు సాధ్యమయినదో కాస్త నిదానముగా చెప్పుకొనవలెను. పాయింటు ఏ వైపు తిరిగి వున్నదో ఒక సర్క్యూటు పసిగడుతుంది. ఆ సమాచారము ఇంటర్‌లాకింగు యంత్రమునకు చేరుతుంది. పాయింటు సరిగా లేనిదే సిగ్నలు పడకుండా చూచుటే ఇంటర్‌లాకింగు. పట్టా మీద బండి వున్నదా లేదా అన్నది యాక్సిల్ కౌంటరు చెబుతుంది. పట్టాకు బిగించిన తీగచుట్టల నడుమ అయస్కాంత క్షేత్రమును చక్రము చెదరగొట్టినప్పుడల్లా ఒక అంకె. లోనికి పోయిన ఇరుసులు, బయటికి వచ్చిన ఇరుసులు సమానమైతే లైను ఖాళీ. ఈ సెన్సారులన్నింటి మాట కలిసి స్టేషను మాస్టరు ఎదుట వున్న తెర మీద ఎరుపు, పసుపు గీతలుగా కనబడుతుంది. అతడు కిటికీలోనుండి పాయింటును చూడలేడు. తెరనే చూస్తాడు, తెరనే నమ్ముతాడు. నమ్మవలెనని శిక్షణ ఇచ్చినదే మనము.

రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినదేమిటి? స్టేషను ఉత్తరపు గుమటీలో 2018లో సర్క్యూటు మార్చినప్పుడు జరిగిన లోపము, ఆనాడు 94వ నంబరు లెవెల్ క్రాసింగు గేటు యంత్రమును మార్చే పనిలో జరిగిన లోపము కలిసి, పాయింటు గురించి తప్పు కబురు యంత్రమునకు చేరినది. యంత్రము అబద్ధము చెప్పలేదు. దానికి అందించిన తీగ అబద్ధము చెప్పినది. 2022 మే నెలలో అదే ఖరగ్‌పూరు డివిజనులోని మరొక స్టేషనులో ఇటువంటి వైరింగు పొరపాటే బయటపడినదని, దానిని సరిగా పరిశీలించి వుంటే ఈ ఘోరము తప్పేదని ఆ నివేదికే చెప్పినది. తరువాత ముగ్గురు సిగ్నలు సిబ్బందిని అరెస్టు చేశారు. ఎవరి తప్పెంతో కోర్టు తేలుస్తుంది. మేము అడిగేది అంతకు ముందుది. అయిదేళ్ళపాటు ఒక మార్పు పటములోకి ఎక్కకుండా ఎట్లు నిలిచినది? గుమటీలోని అసలు వైరింగునూ కార్యాలయములోని డ్రాయింగునూ పోల్చి చూచే పనికి ఎంతమంది వున్నారు? బ్లాకు తీసుకొని, డిస్‌కనెక్షను మెమో ఇచ్చి, తీరుబడిగా పరీక్షించి, మళ్ళీ కలపడానికి ఎన్ని నిమిషములు ఇస్తున్నారు? పైనుండి "ఎంతసేపు, ఎంతసేపు" అనే ఫోనులు ఎన్ని వస్తున్నవి?

మరొకటి, 2024 జూన్ 17. ఉత్తర బెంగాలులో రంగాపాని సమీపాన కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి వెనుకనుండి ఢీకొన్నది. పదిమంది మరణించారు, గూడ్సు లోకో పైలటు వారిలో ఒకడు. ఆ ఉదయము ఆరు గంటలు కాకమునుపే ఆటోమేటిక్ సిగ్నలు వ్యవస్థ పాడయినది. తెర పనిచేయనప్పుడు కాగితము మీద పనిచేయవలెను. సిగ్నలు దాటిపోవడానికి పైలట్లకు కాగితపు అనుమతి ఇచ్చారు. మరణించిన పైలటు సిగ్నలును లెక్కచేయలేదని ఆ రోజే ఢిల్లీ నుండి ప్రకటన వెలువడినది. నెల తిరగకమునుపే భద్రతా కమిషనరు నివేదిక వచ్చినది. ఇచ్చిన కాగితమే సరియైనది కాదు, ఎంత వేగముతో పోవలెనో అందులో లేదు, అట్టి పరిస్థితిలో ఎట్లు నడపవలెనో సిబ్బందికి తగిన శిక్షణ లేదు అని అందులో వున్నది. ఇది జరుగనున్న ప్రమాదమేనని కూడా వ్రాశారు. చనిపోయినవాడు ఆ నివేదిక చదువుకొనలేడు. అతని భార్యాబిడ్డలు మొదటి ప్రకటనను మాత్రము టెలివిజనులో విన్నారు.

కవచ్ గురించి నాలుగు మాటలు. సిగ్నలు దాటబోతే బ్రేకు తానే వేసే ఈ వ్యవస్థకు మన ప్రాంతమే పుట్టిల్లు. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్ల మీద మొదటి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగినవి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషనుల నడుమ రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపి చూపారు. పట్టాల మీద అమర్చిన రేడియో బిళ్ళలు చోటును చెబుతాయి, స్తంభములు సిగ్నలు స్థితిని ఇంజనుకు పంపుతాయి. 2020లో దీనిని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. అయినా 2023 అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లి వద్ద ఒక ప్యాసింజరు మరొక ప్యాసింజరును వెనుకనుండి ఢీకొని 14 మంది చనిపోయేనాటికి ఆ లైను మీద కవచ్ లేదు. దేశములో రైలుమార్గము 68 వేల కిలోమీటర్లకు పైబడినది. దక్షిణ మధ్య రైల్వేలో 2024 నాటికి కవచ్ వేసినది 1465 కిలోమీటర్లు. పైలటు ముఖము వైపు కెమెరా బిగించే పనికి వున్న తొందర ఈ పనికి కూడా వుండవలెనని మాత్రమే మేము అంటున్నాము.

తపాలా మిత్రులు ఇంతసేపు ఓపికగా విన్నారు. ఇక వారి సంగతి.

1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చినది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా తంతి బోర్డులో ఉన్నతాధికారి, సంస్కృత కవి కూడా. ఆరు అంకెలలో దేశమును ఇమిడ్చిన పనిలో ఆ పొందిక కనబడుతుంది. మొదటి అంకె మండలము. మన రెండు రాష్ట్రములూ కర్ణాటకమూ అయిదులో వున్నవి. సార్టింగు బల్ల ముందు నిలిచి ఆ అంకెలతోనే ఉద్యోగకాలమంతా గడిపిన ఆర్.ఎం.ఎస్. సోదరులు మన ఎదుట వున్నారు. పిన్‌కోడు ఉత్తరమును ఆఫీసు దాకా తెచ్చేది. అక్కడనుండి గడప దాకా తెచ్చేది పోస్టుమాను జ్ఞాపకము.

2025 మేలో తపాలా శాఖ డిజిపిన్‌ను ప్రకటించినది. ఐ.ఐ.టి. హైదరాబాదు, జాతీయ దూరసంవేదన కేంద్రము దీనిలో భాగస్వాములు. దీని కీలకము చాలా సులువు. దేశమును కప్పే పెద్ద చతురమును నిలువున నాలుగు, అడ్డమున నాలుగుగా కోస్తే 16 గళ్ళు. ఒక్కొక్క గడికి ఒక గుర్తు. ఆ గడిని మళ్ళీ పదహారుగా కోస్తే రెండవ గుర్తు. ఇట్లు పదిసార్లు కోస్తే, 36 డిగ్రీల వెడల్పుగల చతురము సుమారు నాలుగు మీటర్ల గడిగా చిన్నదవుతుంది. పది గుర్తుల ఒక సంకేతము చెబితే చాలు, ఆ నాలుగు మీటర్ల నేల తెలుస్తుంది. వీధి పేరు లేని తండాకు, ఇంటి నంబరు లేని గుడిసెకు కూడా ఒక విలాసము వచ్చినదన్నమాట. అంబులెన్సుకు ఇది ఎంత ఉపకారమో ఆలోచించండి. ఇందులో మనిషి పేరు లేదు, నేల మాత్రమే వున్నది. ఆ విధముగా ఇది వ్యక్తి రహస్యమునకు భంగము కాదు. ఈ పనిని మేము మెచ్చుకొంటున్నాము.

కానీ నేల తెలిసినంత మాత్రాన ఇల్లు తెలియదు. అయిదంతస్తుల మేడలో అయిదు కుటుంబములకూ ఒకటే సంకేతము. ఎత్తు ఆ లెక్కలో లేదు. ఫలానా వెంకమ్మగారు కోడలి ఇంటికి మారిపోయినదని, ఆమె వేలిముద్ర పడదని, పింఛను మనియార్డరు మనవడి చేతికి ఇస్తే ఆమెకు చేరదని పటము చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన మనిషిని తీసివేసి సంకేతమునే నమ్ముకొందామని ఎవరైనా అనుకొంటే, నష్టపోయేది వెంకమ్మగారు. బీటులను దూరమును బట్టి మాత్రమే తిరిగి గీస్తే, మెట్లు లెక్కకు రావు, ఎండ లెక్కకు రాదు, కుక్కలు అసలే రావు. నవ్వుతున్నారు గాని, బీటు తిరిగినవారెవరూ నవ్వడము లేదు చూడండి.

2025 ఆగస్టులో తపాలా కార్యాలయములన్నీ కొత్త సాఫ్టువేరులోకి మారినవి. బట్వాడా జరిగిన క్షణము, స్థలము, సంతకము అక్కడికక్కడే ఫోనులో నమోదవుతున్నవి. మన్యములో సిగ్నలు లేని ఊరిలో పగలు పదకొండింటికి ఇచ్చిన కవరు, సాయంత్రము గుట్ట దిగి సిగ్నలు అందిన తరువాత గాని పై తెర మీదికి ఎక్కదు. ఆలస్యపు బట్వాడా అని పై తెర చెబుతుంది. జవాబు చెప్పుకొనవలసినవాడు గ్రామీణ డాక్ సేవక్. 1977లోనే సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో ఎక్స్‌ట్రా డిపార్టుమెంటలు ఏజెంటు పదవి సివిలు పదవియేనని తీర్పు ఇచ్చినది. అయినా నేటికీ అతనికి రెగ్యులరు ఉద్యోగి హోదా లేదు. పూర్తి ఉద్యోగికి వుండవలసిన బాధ్యతలన్నీ ఆ ఫోనులో వచ్చి అతని జేబులో కూర్చున్నవి. హక్కులు మాత్రము రాలేదు.

చట్టము ఏమంటున్నదో సంక్షేపముగా చెబుతాము. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో, పని పద్ధతులు మార్చేముందు నోటీసు ఇవ్వవలెనని 9-ఎ సెక్షను వుండేది. ఫండమెంటలు రూల్సు, రైల్వే ఎస్టాబ్లిష్‌మెంటు కోడు వర్తించేవారికి ఆ నోటీసు అక్కరలేదని ఆ సెక్షనులోనే మినహాయింపు వుండేది. 2025 నవంబరు 21న దాని స్థానములో పారిశ్రామిక సంబంధాల స్మృతి అమలులోకి వచ్చినది. మన వరకు ఆ తలుపు తెరుచుకొనలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. దాని వెంట 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. ఆ చట్టములోని 7వ సెక్షను, ఉద్యోగ సంబంధమైన అవసరములకు ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారమును వాడుకొనడానికి యజమానికి వీలు కల్పించినది. పౌరునిగా మనకు వచ్చిన హక్కు కార్యాలయపు గుమ్మము దగ్గర చెప్పులతోపాటు విడువవలసి వచ్చినది. కాబట్టి మనకు మిగిలిన వేదికలు పి.ఎన్.ఎం., జె.సి.ఎం. అక్కడే ఈ విషయమును అజెండాలో చేర్చవలెను.

అక్కడ మనము అడుగవలసినది ఇది. మనిషి చోటు తెలుసుకొనే ప్రతి పరికరము ముందుగా ఆ మనిషిని హెచ్చరించేదిగా వుండవలెను. అది కుదిరిన తరువాతనే అతని మీద నివేదిక పంపవలెను. యంత్రపు రికార్డు ఒక్కదానినే ఆధారము చేసుకొని ఎవరినీ శిక్షించరాదు. ఛార్జిషీటు ఇస్తే ఆ రికార్డు పూర్తి నకలు, సిగ్నలు అందని వేళలతో సహా, ఉద్యోగి చేతికి ఇవ్వవలెను. ఎన్ని నెలలు దాచుతారో, ఎవరెవరు చూస్తారో వ్రాతపూర్వకముగా చెప్పవలెను. కొత్త తెర పెట్టేముందు దాని ఎదుట కూర్చోబోయే స్టేషను మాస్టరును, దానికి తీగ కలిపే సిగ్నలు మెయింటెయినరును పిలిచి అడుగవలెను. ఎక్కడ పరికరము వచ్చినదన్న పేరుతో గ్యాంగు బలమును, పోస్టుమాన్ బలమును తగ్గిస్తారో అక్కడ మనము ఆగి నిలువవలెను. పట్టా పగులును అల్ట్రాసోనిక్ పరీక్ష పట్టుకొంటుంది. పగిలిన పట్టాను మార్చేది మాత్రము నేటికీ మనుషులే.

ఈ డిమాండ్లకు బలము మన దగ్గరి వివరముల నుండి రావలెను. యాజమాన్యము దగ్గర కోట్లాది చుక్కలు వున్నవి. మన దగ్గర కూడా కొన్ని వుండవలెను. అందుకని ప్రతి శాఖకు ఒక ఫారము తయారుచేశాము. రైల్వే శాఖలు గ్యాంగు వారీగా వ్రాయవలెను: ఎన్ని ట్రాకర్లు ఇచ్చారు, ఎన్ని పనిచేస్తున్నవి, చార్జింగు ఎక్కడ, ఏ కిలోమీటరు నుండి ఏ కిలోమీటరు దాకా సిగ్నలు అందదు, రక్షక్ వున్నదా, గడచిన రెండేళ్ళలో పట్టాల మీద ఎవరైనా గాయపడ్డారా, ఆ సమయములో లుకౌట్ మను వున్నాడా. తపాలా శాఖలు బీటు వారీగా వ్రాయవలెను: సిగ్నలు లేని ఊళ్ళు, ఫోను సొంతమా శాఖదా, ఆలస్యపు బట్వాడా అని వచ్చిన నోటీసులు, వాటి ఫలితము. పేర్లు వ్రాయనక్కరలేదు, నోటీసు నకలు మాత్రము జతపరచండి. వచ్చే కౌన్సిలు సమావేశమునకు పదిహేను రోజుల ముందు అవి మాకు చేరవలెను. ఫారములు వెనుక బల్ల మీద వున్నవి. తెలుగులోనే పూరించవచ్చును. భోజన విరామమునకు ముందే ఒక్కొక్క శాఖ నుండి ఒకరు వెళ్ళి తీసుకొనవలసినదిగా కోరుతున్నాము.